క్షమించడమంటే కోర్టులో 'చూడలేదు' అని చెప్పడమేనా?

ప్రశ్న
అడిగినవారు: కాలువగట్టు

అందరికీ ప్రభువు పేరిట వందనములు. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో కాలువ వెంబడి ఉన్న ఒక పల్లె. మా తాతగారి కాలం నుంచి మా కుటుంబం ఒకే సంఘంలో ఉంది. నిరుడు వేసవిలో ఒక పెళ్లికి వెళ్లి తిరిగి వస్తుండగా, మా తమ్ముడు నడుపుతున్న మోటారు సైకిలును ఎదురుగా వచ్చిన కారు ఢీకొట్టింది. నేను వెనక కూర్చుని ఉన్నాను. కారు తన వైపు వదిలి మా వైపుకు దూసుకురావడం, నడిపిన అబ్బాయి కిందకు దిగి నిలబడలేక తూలడం, అతని దగ్గర మద్యం వాసన కొట్టడం, ఇవన్నీ నేను స్వయంగా చూసిన విషయాలు. ఆసుపత్రికి చేరకముందే తమ్ముడు ప్రభునందు నిద్రించాడు. నాకు కాలు విరిగింది, అది తరువాత అతుక్కుంది.

ఆ అబ్బాయి పరాయివాడు కాడు. మా సంఘంలోనే పెరిగాడు, క్రిస్మస్ నాటికల్లో మా తమ్ముడితో కలిసి గొల్లల వేషం వేసినవాడు. వాళ్ల అమ్మగారిని నేను చిన్నప్పటి నుంచి పిన్ని అనే పిలుస్తాను. స్త్రీల సమాజంలో ఆమె, మా అమ్మ ఎప్పుడూ పక్కపక్కనే కూర్చునేవారు. కేసు ఇప్పుడు సాక్షుల విచారణ దశకు వచ్చింది. పోలీసులకు నేనిచ్చిన వాంగ్మూలం ఉంది కనుక ప్రధాన సాక్షిని నేనే.

ఈమధ్య మా సంఘ కాపరి అయ్యగారు, ఇద్దరు సంఘ పెద్దలు, పిన్ని కలిసి మా ఇంటికి వచ్చారు. ప్రార్థన అయిన తరువాత అయ్యగారు మత్తయి సువార్త పద్దెనిమిదవ అధ్యాయం తీసి, డెబ్బది ఏళ్ల మారులు క్షమించమని ప్రభువు పేతురుతో చెప్పిన భాగం చదివారు. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడని, ఉన్నవాడి జీవితమైనా పాడు కాకుండా చూడడమే క్రైస్తవ ధర్మమని, కోర్టులో నేను "చీకట్లో సరిగ్గా కనబడలేదు" అని ఒక్క మాట చెబితే చాలునని పెద్దలు అన్నారు. పిన్ని మాత్రం ఏమీ అనలేదు. తలవంచుకుని ఏడుస్తూ కూర్చున్నది.

నేను ఆ అబ్బాయిని క్షమించాలని నిజంగానే ప్రయత్నిస్తున్నాను, కానీ నోటితో అన్న మాట లోపలికి దిగడం లేదు. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అన్న చోటికి వచ్చేసరికి నా గొంతు ఆగిపోతుంది. అందుచేత ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభురాత్రి భోజనానికి కూడా లేవడం మానేశాను. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సమాధానపడమన్న వాక్యాన్ని ఒక పెద్దమనిషి నాకు గుర్తు చేశారు, అది ముల్లులా గుచ్చుకుంటున్నది. సాక్ష్యం చెబితే నేను క్షమించనట్టా? క్షమిస్తే సాక్ష్యం మార్చి తీరాలా? అప్పటిదాకా నేను బల్లకు దూరంగా ఉండవలసిందేనా? వాక్యం తెలిసినవారు, ఇటువంటి దుఃఖం దాటినవారు దయచేసి చెప్పండి. నన్ను ఓదార్చడానికి కాకుండా, నిజమేమిటో చెప్పమని మనవి.

జవాబు
రాసినవారు: సండే స్కూలు మాస్టారు

అమ్మా, మీ ఇంటికి వచ్చినవారు రెండు వేర్వేరు విషయాలను ఒకే మూటగా కట్టి మీ చేతిలో పెట్టారు. వాటిని విడదీసి చూస్తే మీ ప్రశ్నలో సగం వెంటనే తేలిపోతుంది. ఆ అబ్బాయి మీద పగ విడిచిపెట్టమని మిమ్మల్ని అడగడానికి ప్రభువుకు అధికారం ఉంది, ఆయన అడుగుతున్నాడు కూడా. చూసినదానిని చూడలేదని చెప్పమని అడగడానికి మాత్రం ఏ అయ్యగారికీ, ఏ పెద్దకూ అధికారం లేదు. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్నది పది ఆజ్ఞలలో ఒకటి. పొరుగువానికి కీడు చేయడానికి చెప్పే అబద్ధం గురించే కదా ఆ ఆజ్ఞ అని ఎవరైనా వాదించవచ్చు. మరి ఇక్కడ ఆ పొరుగువాడు మీ తమ్ముడు. చీకట్లో కనబడలేదని మీరంటే, రేపు ఎదుటి వకీలు తప్పంతా బండి నడిపిన మీ తమ్ముడి మీదకే నెట్టవచ్చు, అప్పుడు కాదని చెప్పడానికి అతడు లేడు.

అయ్యగారు చదివిన అధ్యాయాన్నే ఇంకొంచెం పైనుంచి చదవండి. డెబ్బది ఏళ్ల మారులన్న మాట ఇరవై రెండవ వచనంలో వస్తుంది. పదిహేనవ వచనం నుంచి పదిహేడవ వచనం వరకు ఉన్నది వేరే సంగతి: తప్పు చేసిన సహోదరుని దగ్గరకు వెళ్లి ఒంటరిగా గద్దించడం, వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులను తీసుకుపోవడం, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజేయడం. అంటే ప్రభువు క్షమాపణ గురించి మాట్లాడటానికి ముందు, జరిగిన తప్పును తప్పు అని పేరు పెట్టి పిలవడం గురించి మాట్లాడాడు. మన సంఘాలలో ఆ మూడు వచనాలు బలహీనుల మీద ఎంతో జోరుగా అమలవుతాయి, మోతుబరి కుటుంబాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తిన్నగా ఇరవై రెండవ వచనానికి దూకుతాము. ఈ మాట కటువుగా ఉంటే మన్నించండి, చాలా పంచాయతీలు చూసిన తరువాత అంటున్నాను.

ఇక ఆ అధ్యాయం చివర ఉన్న ఉపమానం. రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్న దాసుడు క్షమాపణ పొంది, బయటికి వచ్చి, తనకు నూరు దేనారములు అచ్చియున్న తోటి దాసుని గొంతు పట్టుకుంటాడు. మనం సాధారణంగా ఆ నూరు దేనారాలను చిల్లర డబ్బుల్లాగా చెప్పి పోతాము. నిజానికి ఆ రోజుల్లో ఒక దేనారము ఒక కూలివాని దినవేతనం. నూరు దేనారములంటే మూడు నెలలకు పైగా కూలి, ఒక పేద ఇంటిని కూల్చగలిగిన మొత్తం. పదివేల తలాంతులైతే దాదాపు ఆరు కోట్ల దినాల కూలి, అది ఏ మనిషీ తీర్చలేనిది. మీకు జరిగిన నష్టం చిన్నదని ప్రభువు ఎక్కడా అనలేదు, అది అసలు లేనట్టు నటించమనీ అనలేదు. దేవుడు మనకు విడిచిపెట్టినది అంతకంటె ఊహకందనంత పెద్దదని మాత్రమే చెప్పాడు. అప్పు ఎంతో తెలియకుండా దానిని మాఫీ చేయడం ఎవరికీ సాధ్యం కాదు. కాబట్టి కోర్టులో మీరు జరిగినది జరిగినట్టు చెప్పడం క్షమాపణకు అడ్డు కాదు, ఒక విధంగా దానికి మొదటి మెట్టు.

అర్పణ విడిచిపెట్టి వెళ్లమన్న వాక్యం సంగతి. మత్తయి అయిదవ అధ్యాయంలో ఆ మాట ఎవరితో అన్నాడో నిదానంగా చదవండి: నీమీద నీ సహోదరునికి ఏమైనా విరోధం ఉన్నదని జ్ఞాపకం వస్తే, నీవు వెళ్లి సమాధానపడు అని. గాయం చేసినవాడు లేచి, గాయపడినవాని దగ్గరకు నడవాలన్నది అక్కడి ఆజ్ఞ. ఆ వచనం చెప్పవలసిన ఇల్లు మీది కాదు. అయితే నిజం చెప్పమన్నారు కనుక రెండో వైపు కూడా చెప్పాలి. మార్కు పదకొండవ అధ్యాయంలో, ప్రార్థించడానికి నిలబడినప్పుడు ఎవరిమీదనైనా విరోధం ఉంటే క్షమించమని గాయపడినవారితోనే అన్నాడు. ఆ భారం మీమీద ఉన్నది, దానిని నేను తేలిక చేయలేను. కానీ ఆ భారం మోయలేక కుంటుతున్నవారిని బల్ల నుంచి వెళ్లగొట్టమని ఎక్కడా లేదు. తెల్లవారేలోగా తనను ఎరుగనని బొంకబోయే పేతురుకు ప్రభువు ఆ రాత్రి రొట్టె విరిచి ఇచ్చాడు. క్షమించడం పూర్తయినవారికే ఆ బల్ల అనుకుంటే, మొదటి వరుసలో కూర్చునే నాబోటివాళ్లు చాలామంది లేచి వెనక్కి పోవలసి వస్తుంది. మీరు వెళ్లండి, క్షమించే బలం కోసమే వెళ్లండి.

జవాబు
రాసినవారు: తాలూకా కోర్టు వకీలు

వాక్యం మాస్టారు చెప్పారు, చట్టం సంగతి నేను చెబుతాను. "మీరు క్షమిస్తే కేసు పోతుంది" అని మీతో అన్నవారు పొరబడ్డారు. నిర్లక్ష్యం వలన మరణానికి కారణం కావడం రాజీకి వీలున్న నేరాల పట్టికలో లేదు. పాత శిక్షాస్మృతిలో 304ఏ సెక్షను కింద గానీ, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షను కింద గానీ, అందులో ఫిర్యాదు నడిపేది ప్రభుత్వం. మీరు సాక్షి మాత్రమే. సాక్షులు ఎదురు తిరిగితే రుజువు లేక కేసు కొట్టివేయబడుతుందన్నది నిజమే, వాళ్లు ఆశిస్తున్నది కూడా అదే. అయితే న్యాయస్థానంలో ప్రమాణం చేసి తెలిసి తెలిసి అబద్ధం చెప్పడం ఏడేళ్ల వరకు శిక్ష పడగలిగిన నేరం. ఆ ప్రమాదాన్ని మీ నెత్తిన పెడుతున్నామని ఆ పెద్దలకు తెలుసో లేదో!

ఇక్కడ ఎవరో ఒకరు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయం తెస్తారు, విశ్వాసి మీద విశ్వాసి కోర్టుకు పోకూడదు కదా అని. అక్కడ పౌలు తప్పుపట్టినది ఈ జీవనానికి సంబంధించిన వ్యాజ్యాలలో ఒకరి సొత్తు ఒకరు లాక్కోవడానికి సహోదరులు అధికారుల దగ్గరకు పోవడాన్ని. ఒక ప్రాణం పోయినప్పుడు ప్రభుత్వం విచారణ జరపడం వేరు, దానిని అదే పౌలు రోమీయులకు రాసిన పత్రిక పదమూడవ అధ్యాయంలో అధికారుల విధిగా ఒప్పుకున్నాడు. తనను విచారించకుండా కొట్టించి చెరలో వేసిన ఫిలిప్పీ న్యాయాధిపతులు చాటుగా వెళ్లిపొమ్మంటే, వాళ్లే వచ్చి బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టినవాడు, రోమా చక్రవర్తి కైసరుకు అప్పీలు చేసుకున్నవాడు కూడా ఆయనే.

మరొక మాట. మోటారు వాహన ప్రమాదాల ట్రిబ్యునలులో నష్టపరిహారం దరఖాస్తు వేరుగా నడుస్తుంది. దానికి గడువు ఉంటుంది కనుక, ఇప్పటివరకు వేసి ఉండకపోతే వెంటనే మీ వకీలుతో మాట్లాడండి. దానిని కూడా పగ అనేవారు ఉంటారు. కొడుకు సంపాదన మీద బతికిన తల్లికి అన్నం పెట్టే సొమ్మును పగ అనడం నాకు అర్థం కాదు. ప్రభువు తన ఇంటికి వచ్చిన నాడు పన్నులు వసూలు చేసే జక్కయ్య ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వారికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అతణ్ణి ఎవరూ వారించలేదు.

జవాబు
రాసినవారు: కుష్ఠు ఆసుపత్రి నర్సు

చెల్లెమ్మా, నేను ఒడిశా సరిహద్దుకు దగ్గరలో కుష్ఠురోగుల మధ్య చాలాకాలం పనిచేశాను. అందువలన గ్లాడిస్ స్టెయిన్స్ గారి సంగతి నాకు దూరపు వార్త కాదు. మీ ప్రశ్న చదవగానే ఆమే గుర్తుకు వచ్చారు.

ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్ ఆస్ట్రేలియా నుంచి 1965లో వచ్చి మయూర్‌భంజ్ జిల్లా బారిపదలో కుష్ఠురోగుల ఆశ్రమంలో సేవ చేశారు. 1999 జనవరి 22 రాత్రి, కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామంలో ఆయన, పదేళ్ల ఫిలిప్, ఆరేళ్ల తిమోతి తమ వాహనంలో నిద్రిస్తుండగా ఒక గుంపు ఆ వాహనానికి నిప్పు పెట్టింది. ముగ్గురూ కాలిపోయారు. ఆ రాత్రి బారిపదలో ఉన్న గ్లాడిస్ గారికి కూతురు ఎస్తేరు ఒక్కతే మిగిలింది. చంపినవారిని తాను క్షమించానని, వారిమీద తనకు ద్వేషం లేదని ఆమె చెప్పినప్పుడు దేశమంతా విన్నది. క్రైస్తవులు కానివారు ఎందరో ఆ మాటకు తలవంచారు. ఆమె ఇక్కడే నిలిచి, రోగుల పుండ్లకు కట్లు కట్టే పనిని 2004 వరకు కొనసాగించారు. భారత ప్రభుత్వం 2005లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

మనవాళ్లు ప్రసంగాలలో ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. మీకు కావలసింది ఆ తరువాతి భాగం. ఆమె క్షమించినందువలన కేసు ఆగిపోలేదు, ఆపమని ఆమె అడగలేదు. క్షమాపణను, నేరానికి వచ్చే ఫలితాన్ని ఒకదానితో ఒకటి కలపకూడదని ఆమె స్పష్టంగా చెప్పారు. 2003లో కింది కోర్టు ప్రధాన నిందితుడు దారాసింగ్‌కు మరణశిక్ష వేసింది, 2005లో ఒరిస్సా హైకోర్టు దానిని యావజ్జీవంగా మార్చింది, 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఆ యావజ్జీవాన్నే ఖాయం చేసింది. ఇన్నేళ్లూ చట్టం తన దారిన తాను నడిచింది, ఆమె క్షమాపణ తన దారిన తాను నడిచింది. ఒకటి రెండోదానిని అబద్ధం చేయలేదు.

నేను గమనించిన ఒక సంగతి చెబుతాను. ఆమె క్షమాపణ మాట కంటె నన్ను ఎక్కువగా కదిలించినది, ఆ మాట అన్న తరువాత ఆమె తిరిగి వార్డులోకి వెళ్లడం. కుష్ఠు వ్యాధిలో స్పర్శ పోతుంది. నొప్పి తెలియనందువలన రోగి కాలికి దెబ్బ తగిలినా చూసుకోడు, పుండు ఎముక దాకా పోతుంది. నొప్పి ఉండడం శరీరానికి రక్ష అని అక్కడ పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మీకు ఇంకా నొప్పి ఉన్నందుకు సిగ్గుపడకండి. నొప్పి లేదని చెప్పించాలని చూసేవారి మాట మాత్రం వినకండి.

కాలువగట్టు (ప్రశ్న అడిగినవారు)

మాస్టారికి, వకీలు గారికి, నర్సు అక్కకు కృతజ్ఞతలు. సాక్ష్యం విషయంలో నా మనస్సు తేటపడింది. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

కానీ రెండు సంగతులు మిగిలి ఉన్నాయి. ఒకటి మా అమ్మ. తమ్ముడి ఆదరణ కూడికలో వచ్చినవారందరూ "దేవుని చిత్తం", "మంచివాళ్లను దేవుడు తొందరగా పిలుచుకుంటాడు" అని చెప్పి వెళ్లారు. ఆనాటి నుంచి ఆమె ప్రార్థన మానేసింది. గుడికి వస్తుంది, కూర్చుంటుంది, పాట పాడదు. అది విశ్వాసం పోవడమేమోనని నాకు భయంగా ఉంది. గ్లాడిస్ గారి సంగతి చెబుదామనుకున్నాను గానీ నోరు రాలేదు. రెండోది పిన్ని. ఆరాధన అయ్యాక ఆమె గుమ్మం దగ్గర నా కోసం నిలబడి ఉంటున్నది, నేను పక్క తలుపు నుంచి వెళ్లిపోతున్నాను. ఆమెతో మాట్లాడవచ్చా? మాట్లాడితే కేసుకు ఏమైనా ఇబ్బందా?

జవాబు
రాసినవారు: ఒక తండ్రి

అమ్మా, నేనూ చేతికి అందివచ్చిన కొడుకును పోగొట్టుకున్నవాణ్ణే. మీ అమ్మగారికి గ్లాడిస్ గారి కథ చెప్పకపోవడమే మంచిదయింది. ఆ మహాతల్లి మీద గౌరవం లేక ఇలా అనడం లేదు. ఒకరికి దేవుడు ఇచ్చిన కృపను తెచ్చి మరొకరి ముందు కొలబద్దగా నిలబెడితే, అది ఓదార్పు కాకుండా తీర్పు అవుతుంది. నాకు అలాగే జరిగింది. యోబు అంతటివాడు సహించాడు, నీకేమి అన్నారు నాతో. యోబు గ్రంథాన్ని అప్పుడు నేను మొదటినుంచి చివరిదాకా చదివాను. అందులో సహించిన యోబు మొదటి రెండు అధ్యాయాలలో ఉన్నాడు, మూడవ అధ్యాయం మొదలు అతడు తాను పుట్టిన దినాన్ని శపిస్తూ, దేవునితో వాదిస్తూ దాదాపు ఇరవై అధ్యాయాల్లో మాట్లాడతాడు. చివరికి దేవుడు కోపగించుకున్నది ఎవరిమీద? నీతిబోధలు చేసిన స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని వారితో అన్నాడు. ఆ స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచిపని ఏమిటంటే, వచ్చిన కొత్తలో ఏడు రాత్రింబగళ్లు అతనితో నేలమీద కూర్చుని ఒక్క మాటైనా పలకకపోవడం.

మీ అమ్మగారు గుడికి వచ్చి కూర్చుంటున్నారు. కొడుకును తీసుకున్నాడని అందరూ చెప్పిన దేవుని ఎదుటికే వచ్చి, మాట్లాడకుండా కూర్చుంటున్నారు. ఇది విశ్వాసం పోవడమని నేను అనుకోను. కీర్తనలలో ఎనభై ఎనిమిదవది తీసి చూడండి, అది మొదటి నుంచి చివరి వరకు మొరే. చివరి మాట చీకటి దగ్గర ఆగుతుంది, స్తుతితో ముగియదు. దానిని కూడా దేవుని ప్రజలు ఆరాధనలో పాడుకునే కీర్తనల మధ్యనే ఉంచారు. మన పాటల పుస్తకాలు ఆ ధైర్యం ఎప్పుడూ చేయలేదు, అది మన లోటు.

నిరీక్షణ గురించి కూడా ఒక మాట. నిరీక్షణ ఉంటే ఓర్చుకోగలం అని మనం చెబుతుంటాము. పౌలు దానిని ఆ వరుసలో చెప్పలేదు. "శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేయునని యెరిగి" అని రాశాడు. నిరీక్షణ ఆ వరుసలో ఆఖరున వస్తుంది. మీ అమ్మగారు ఇంకా మొదటి మాట దగ్గరే ఉన్నారు. శ్రమలో ఉన్నవారిని నిరీక్షణ ఏదని నిలదీయడం, నారు పోసిన మర్నాడు ధాన్యం ఏదని అడగడం వంటిది. ఆమె ప్రార్థించలేకపోతే ఆమె పక్కన మీరు ప్రార్థించండి, పైకి వినబడనవసరం లేదు. కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించినప్పుడు, యేసు వారి విశ్వాసము చూసి అతనితో మాట్లాడాడని మార్కు రాశాడు. మంచం మీద ఉన్నవాడు నమ్మాడో లేదో అక్కడ ఎవరూ అడగలేదు.

క్షమాపణ మాట లోపలికి దిగడం లేదన్నారు. నెదర్లాండ్స్ దేశంలో యూదులను తమ ఇంట దాచినందుకు 1944లో కుటుంబంతో సహా పట్టుబడిన కోరీ టెన్ బూమ్ అనే స్త్రీ ఉండేవారు. ఆమె అక్క బెట్సీ రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరంలో ఆ ఏడాది డిసెంబరులో చనిపోయారు. 1947లో మ్యూనిక్ నగరంలో ఒక చర్చిలో కోరీ క్షమాపణ గురించే మాట్లాడి ముగించగానే, ఆ శిబిరపు కాపలావాడు ఒకడు ఎదుటికి వచ్చి, తనను క్షమించమని చేయి చాచాడు. ఆమె చేయి పైకి లేవలేదు. ప్రేమ ఏమీ కలగలేదని, చేయి ఎత్తడం మాత్రం తనకు చేతనవుతుందని, మిగిలినది నీవే ఇవ్వమని లోలోపల ప్రార్థించి చేయి కలిపానని ఆమే చెప్పారు. ఇంత జరిగాక కూడా, చాలా ఏళ్ల తరువాత సొంత స్నేహితులు చేసిన అంతకంటె చిన్న అపకారాన్ని క్షమించలేక ఆమె రాత్రులు నిద్ర లేకుండా ఉన్నారు. నాకు ఆమె మీద నమ్మకం కలిగించినది ఆ రెండో సంగతే.

సిలువ మీద ప్రభువు పలికిన మొదటి మాటను మనం ప్రతి మంచి శుక్రవారం వింటాము. అక్కడ ఆయన "నేను క్షమించితిని" అనలేదు, "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అని తండ్రిని అడిగాడు. ఆయనకు క్షమించే అధికారం లేదని కాదు, అంతకుముందు పక్షవాయువు గలవాని పాపాలు ఆయనే క్షమించాడు. కానీ మేకులు దిగుతున్న వేళ ఆ పనిని తండ్రి చేతిలో పెట్టాడు. "నేను క్షమిస్తున్నాను" అనే మాట మీ గొంతు దాటనినాడు, "తండ్రీ, నీవు అతణ్ణి క్షమించు" అని అడిగి చూడండి. నేను చాలాకాలం అది కూడా పళ్లు బిగించుకునే అడిగాను. కొన్ని రోజులు ఇప్పటికీ అంతే.

జవాబు
రాసినవారు: తాలూకా కోర్టు వకీలు

పిన్ని గారి గురించి అడిగినదానికి మాత్రం చెబుతాను. ఆమెతో మాట్లాడటం నేరం కాదు, కేసుకు దానంతట అది ఇబ్బంది కాదు. కానీ సాక్ష్యం పూర్తయ్యేవరకు కేసు సంగతి ఎత్తవద్దు, ఆమె ఎత్తితే ఆ విషయం మాట్లాడనని మర్యాదగా చెప్పండి. డబ్బు, కాగితాలు, సంతకాలు ఏవీ అంగీకరించవద్దు. ఒంటరిగా కాకుండా మీ ఇంటివారు ఒకరు వెంట ఉండగా మాట్లాడండి. పెద్దలు మళ్లీ వచ్చి సాక్ష్యం మార్చమని ఒత్తిడి చేస్తే ఆ సంగతి ప్రభుత్వ న్యాయవాదికి తెలియజేయండి, సాక్షిని బెదిరించడం కూడా నేరమే.

జవాబు
రాసినవారు: సండే స్కూలు మాస్టారు

వకీలు గారి మాటకు నాది చిన్న చేర్పు. మీరు రాసినదాని ప్రకారం ఆనాడు మీ ఇంట్లో సాక్ష్యం మార్చమని అడగనిది ఆమె ఒక్కతే. గుమ్మం దగ్గర ఆమె దేనికోసం నిలబడుతున్నదో మనలో ఎవరికీ తెలియదు. కేసు కోసమే కావచ్చు, మీ అమ్మగారి పక్కన మళ్లీ కూర్చోవచ్చునా అని అడగడానికీ కావచ్చు. ఆమె కొడుకు వేరు, ఆమె వేరు. అతని విషయంలో మీకు ఎంత సమయం పట్టినా, ఆమెకు వందనం చెప్పడానికి అంతవరకు ఆగనవసరం లేదనుకుంటాను. మీ అయ్యగారితో మాట్లాడవలసి వస్తే, ఆ పద్దెనిమిదవ అధ్యాయాన్ని పదిహేనవ వచనం నుంచి చదవమని నేను అడిగానని చెప్పండి. ఆయనకు అభ్యంతరం లేకపోతే, వచ్చి ఆయనతో కూర్చుని చదవడానికి నేను సిద్ధం.